మా మామ, ఆయన కత్తి, సొరకాయలు

మా మామ పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను అంగన్‌వాడీలో పిల్లలకు ఉప్మా పెడుతున్నాను. మా ఆయన అనంతపురం ఆసుపత్రి నుంచి, మా అంగన్‌వాడీకి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకు ఫోన్ చేశాడట. కొట్టాయన రోడ్డు దాటి వచ్చి గడప దగ్గర నిలబడి, "అమ్మా, మీ మామ..." అని ఆగిపోయాడు. అక్కడ ఆగిపోయాక ఇంక చెప్పేదేముంది? నేను గరిటె కింద పెట్టలేదు. వరసలో ఇంకా పిల్లలున్నారు. చివరి పిల్ల పళ్లెంలో కూడా పెట్టి, ఆయాకు తాళంచెవి ఇచ్చి, అప్పుడు బయటికొచ్చి ఎండలో నిలబడ్డాను. ఇల్లు ఒక పక్క, బస్సులాగే చోటు ఇంకో పక్క. ఎటు పోవాలో తెలియక కాసేపు అటూ ఇటూ తిరిగాను.

ఆ రోజు నుంచీ నాకు ఒక చోట కాలు నిలవడం లేదు. కూర్చుంటే లేస్తాను, లేస్తే ఎందుకు లేచానో గుర్తుండదు. కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతున్నాను. దుఃఖం అంటున్నారు ఇంట్లోవాళ్లు. దుఃఖమే, కాదనను. కానీ దానికి మించి నన్ను గుచ్చుతున్నది ఒక మాట. మామను తెచ్చి ఇంటి ముందు పడుకోబెట్టినప్పుడు, మా వీధిలోనే ఉండే ఒక పెద్దమనిషి, ఏళ్ల తరబడి మామ చేత గడ్డం గీయించుకున్నవాడు, పక్కనున్నవాడితో అన్నాడు: "ఏముందప్పా, తాగి తాగి పోయినాడు." అంతే. ఒక మనిషి బతుకునంతా చాప చుట్టినట్టు చుట్టి మూల పెట్టేశాడు.

ఆ మాట అబద్ధమా అంటే పూర్తి అబద్ధం కాదు. నిజమా అంటే నా ఒళ్లు మండుతుంది. ఆ రెండింటి మధ్యా ఏం జరిగిందో రాసి పెట్టకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. చదివేవాళ్లు ఓపిక పట్టండి. నేను కొంచెం కోపంగానే చెప్తాను.

మాది కంబదూరు వైపు ఒక ఊరు. వాన పడితే వేరుశనగ, పడకపోతే బెంగళూరు బస్సు. ఆ బస్సు ఆగే చోటే మా మామది ఒక రేకుల బంకు, మంగలి షాపు. లోపల ఒక చెక్క కుర్చీ, అద్దం, సానరాయి, మేకుకు వేలాడే తోలు పట్టీ, పటిక ముక్క. కుర్చీకి ఒక చెయ్యి విరిగిపోయింది. దాన్ని ఆయన ఎన్నడూ బాగు చేయించలేదు. "ఆ పక్క నేను నిలబడతా గదమ్మా. ఆనుకోనీకి నా నడుము ఉండాది," అనేవాడు.

కత్తిని తోలు పట్టీ మీద అటూ ఇటూ నూరాక, పదును చూడడానికి తన ఎడమ ముంజేతి మీదే ఒక్క గీత గీసేవాడు. వెంట్రుకలు చప్పుడు లేకుండా రాలాలి. రాలిన వెంట్రుకల్ని ఉఫ్‌మని ఊదేసి, అప్పుడు కుర్చీ వైపు తిరిగేవాడు. అందుకని ఆయన ఎడమ ముంజెయ్యి ఎప్పుడూ నున్నగా ఉండేది. కుడిది మాత్రం గుబురుగా ఉండేది. నేను పెళ్లై వచ్చిన కొత్తలో అన్నం వడ్డిస్తూ ఆ రెండు చేతులూ చూసి నవ్వు ఆపుకోలేకపోయాను. కొత్త కోడలు మామను చూసి నవ్వడమేమిటని అత్త కళ్లెర్రజేసింది. ఆయన మాత్రం తనే నవ్వి, "నవ్వనీలే. ఒక చెయ్యి పని చేస్తాది, ఒక చెయ్యి పరీక్షకు కూర్చుంటాది," అన్నాడు.

మండలాఫీసు గుమాస్తా వచ్చినా, గొర్రెల కాపరి వచ్చినా ఆయనది ఒకటే మాట. గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి మొహాన్ని వెలుతురు వైపు తిప్పి, "తల ఆడించొద్దప్పా, తెగుతాది," అనేవాడు. ఎంత పొగరుబోతయినా ఆ మాటకు బొమ్మలా కూర్చునేవాడు.

ఇక తాగుడు సంగతి. దాచిపెట్టి మంచివాణ్ణి చేస్తే ఆయనకే నచ్చదు.

పొద్దున షాపు తలుపు తీసేటప్పుడు ఆయన చేతులు ఎలా వణికేవంటే, చెంబుతో నీళ్లు తెస్తే సగం దారిలోనే ఒలికిపోయేవి. మద్యనిషేధం ఉన్న రోజుల్లో కూడా కర్ణాటక సారాయి ప్యాకెట్లు సరిహద్దు దాటి మా ఊరికి రానే వచ్చేవి. నిషేధం ఎత్తేశాక ఇక అడిగేవాడెవడు? ఆయన గోడ వైపు తిరిగి ప్యాకెట్టు మూల పళ్లతో కొరికి తాగేవాడు. కాసేపు కళ్లు మూసుకుని కూర్చునేవాడు. చేతులు నిలబడేవి. అప్పుడు కత్తి తీసేవాడు. ఇది ఊరంతటికీ తెలుసు. "ఆయప్ప ఇంగా తాగలేదు, ఉండు," అని వంతు కోసం నిలబడినవాళ్లు ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. తాగినవాడి చెయ్యి వణుకుతుందని లోకం అనుకుంటుంది. మా ఊళ్లో మాత్రం తాగితేనే మంగలి చెయ్యి నిలుస్తుందని అనుకున్నారు. పెళ్లిచూపులకో, కోర్టుకో పోవలసినవాళ్లు పొద్దున్నే తామే ఒక ప్యాకెట్టు తెచ్చి ఆయన చేతిలో పెట్టేవాళ్లు. పైన చెప్పిన ఆ పెద్దమనిషి అందరికంటే ముందుండేవాడు.

"ఎందుకు మామా తాగుతావు?" అని ఒకసారి అడిగేశాను.

"నా కోసరం యాడ తాగుతాండా తల్లీ? ఈ చేతుల కోసరం. నాకు దాని రుచి గూడా తెలీదు ఇప్పుడు," అన్నాడు.

నిజమే చెప్పాడు. ఆయన తాగి ఎవరినీ కొట్టలేదు, వీధిలో పడిపోలేదు. సాయంత్రం ఇంకొంచెం తాగి, అన్నం రెండు ముద్దలు కెలికి పడుకునేవాడు. రాను రాను మనిషి ఎండిపోయాడు. అరికాళ్లు మంటలని కూర్చుంటే అత్త చెంబుతో నీళ్లు పోసేది. కాలి నుంచి చెప్పు ఊడిపోయినా తెలియక ఒక కాలికి చెప్పుతో ఇంటికి వచ్చేవాడు. మేము వాటిని వయసు ఖాతాలో వేశాము.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. పుట్టిన బిడ్డ మొదటి వెంట్రుకలు ఇంటి పెద్ద చేత్తోనే తీయాలి. దేవుడి దగ్గరికి పోయినా మా కత్తి మేమే తీసుకుపోతాము. మామకు వాళ్ల నాయన తీశాడు, మా ఆయనకు మామ తీశాడు. అంతవరకూ ఇంకొకరి కత్తి గానీ కత్తెర గానీ ఆ తలకు తగలకూడదు.

మాకు కొడుకు పుట్టాడు. ఏడాది నిండకముందే పుట్టువెంట్రుకలు తీయిద్దామని అత్త మంచిరోజు చూపించింది. నేను పిల్లోణ్ణి ఒళ్లో పెట్టుకుని మామ ఎదురుగా కూర్చున్నాను.

"మామా, తాగకుంటే నీ చెయ్యి వణుకుతాది. తాగితే నువ్వు నువ్వు గాదు. ఈ రెండిట్లో ఏదీ నా బిడ్డ తల మీదికి రాగూడదు," అన్నాను.

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన లేచి బయటికి పోయాడు. మామ చాలాసేపు పిల్లోడి మాడు వైపే చూశాడు. పసిపిల్లల మాడు మెత్తగా కొట్టుకుంటూ ఉంటుంది కదా, దాన్నే చూస్తున్నాడు.

"నువ్వు చెప్పింది న్యాయమే," అన్నాడు చివరికి. "అయితే ఒగటి. ఇంగొకని కత్తి తగలనీయొద్దు. నేను మానుకోని వస్తా. అంతవరకూ పెరగనీ."

ఆ రోజు అన్నదాన్ని ఇప్పుడు తిరగేసి చూసుకున్నా నేను అదే అంటాను. తల్లైనవాళ్లెవరైనా అంటారు.

జుట్టు పెరిగింది. చెవులు దాటింది, మెడ దాటింది. ఎండాకాలంలో చెమటకు పేలుతుంటే నేను నూనె రాసి జడ వేసేదాన్ని. వీధిలో పిల్లలు "జడలోడు, జడలోడు" అని వెంటపడేవాళ్లు. వాడు ఏడుస్తూ వచ్చి తాత ఒళ్లో కూర్చునేవాడు. మామ ఆ జడను చేత్తో పట్టుకుని చూసేవాడు. మరుసటి రోజు పొద్దున తాగకుండా షాపుకు పోయేవాడు. మధ్యాహ్నానికి చెమటలు పట్టి, కడుపులో తిప్పి, చెయ్యి ఆడి, ఎవరో ఒకరు తెచ్చిన ప్యాకెట్టుతో ఆ రోజు ముగిసేది. ఇలా ఎన్నిసార్లో.

పిల్లోడికి మూడో ఏడు వచ్చింది. మా జిల్లాలో తాగుడు మానాలనుకునేవాళ్లు పాండురంగస్వామి మాల వేసుకుంటారు. మెడలో తులసిమాల పడ్డాక ఇంక చుక్క ముట్టరు. ఆ మాలతో బాగుపడ్డ ఇళ్లు నేను చూశాను, ఆ మాలంటే నాకు గౌరవమే. మామ కూడా ఊళ్లో మగవాళ్లు కొందరితో జీపులో పోయి మాల వేసుకుని వచ్చాడు. అత్త ఇల్లంతా అలికి ముగ్గు పెట్టింది. మామ నా ముందుకు వచ్చి మాల పైకెత్తి చూపించి, "ఇంగ పిల్లోని మేనమామకు కబురు పెట్టు," అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

రోజూ లేవగానే తాగే ఒళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుందో మాలో ఒక్కరికైనా తెలిసుంటే!

మరుసటి రోజు ఒళ్లంతా వణుకు. చెమటకు చొక్కా తడిసిపోయింది. రాత్రంతా కన్ను మూయలేదు. "మాల పరీక్ష పెడతాండాది," అంది అత్త. ఆ తర్వాతి రోజు మిట్టమధ్యాహ్నం మామ లేచి వాకిట్లోకి వచ్చాడు. ఎవరూ లేని చోట నిలబడి గాలిలో తువ్వాలు దులిపాడు. ఎవరి మెడ చుట్టో కప్పినట్టు కప్పాడు. రెండు వేళ్లతో గాలిలో కత్తెర ఆడించాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మేమెవరమో గుర్తుపట్టడం లేదు. మా కంగారు చూసి వచ్చిన పక్కింటావిడ భుజం మీద లేని వెంట్రుకల్ని ఏరి ఏరి పారేశాడు.

అత్త చేతులు జోడించింది. "దేవుడొచ్చినాడు! మాల వేసుకున్న మనిషి మీదికి దేవుడొచ్చినాడు!"

ఇంకేముంది, వీధి వీధంతా వచ్చేసింది. కర్పూరం వెలిగించారు. కాళ్ల మీద బిందెతో నీళ్లు పోశారు. ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది, వేసిన విత్తనం నేలలోనే మాడింది. మనుషులు దేవుణ్ణి ఊరికే వదులుతారా? "సామీ, వాన యెప్పుడు పడతాది?" అని ఒకరు. "నా చేన్లో బోరు యాడ వేయల్ల సామీ?" అని ఇంకొకరు. మామ ఆ బోరు అడిగిన రైతు గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి మొహాన్ని వెలుతురు వైపు తిప్పాడు.

"తల ఆడించొద్దప్పా, తెగుతాది," అన్నాడు.

ఆ రైతు కొయ్యబారిపోయాడు. వాడి వెనకున్నవాళ్లు, వాళ్ల వెనకున్నవాళ్లు, చంకలో పిల్లలున్న ఆడవాళ్లు, అందరూ తలలు కదపకుండా నిలబడిపోయారు. ఎండలో ఊరంతా అలా బిగుసుకుని నిలబడిన దృశ్యం తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి.

నాకు మాత్రం ఆ వేళ్లు తెలిసిన వేళ్లు. దేవుడు దిగి వచ్చి మా వాకిట్లో క్షవరాలు చేస్తాడా? మామ తన షాపులో ఉన్నాడు, మా మధ్య లేడు. నుదుటి మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది.

"దేవుడూ లేదు, గీవుడూ లేదు! ఈ మనిషికి ఒళ్లు బాగలేదు. బండి చూడండి!" అని అరిచాను.

"నోరు ముయ్యే పాపిష్టిదానా! మాలలో ఉండే మనిషిని పట్టుకోని ఏం మాటలవి?" అని అత్త నా మీదికి వచ్చింది.

మేమిద్దరం అలా అరుచుకుంటుండగానే మామ కట్టెలా బిగుసుకుని పడిపోయాడు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. నోటి వెంట నురగ. ఎవరో ఇనుప తాళంచెవుల గుత్తి తెచ్చి పిడికిట్లో పెట్టారు. మా ఆయన వాళ్ల నాయనను భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరిగెత్తాడు. కళ్యాణదుర్గం బస్సు వస్తోంది. ఆ డ్రైవరు మామ దగ్గర గడ్డం గీయించుకునేవాడే. దారిలో చెయ్యెత్తిన ఏ ఊరి దగ్గరా ఆపలేదు. ఆసుపత్రి గేటు ముందే ఆపాడు. ప్యాసింజర్లు ఒక్కరూ ఏమీ అనలేదు. వాళ్లకు దండం పెట్టాలి.

అక్కడి నుంచి అనంతపురం పెద్దాసుపత్రికి పంపారు. మంచానికి గుడ్డలతో చేతులు కట్టేసి సూదులు వేశారు. మామకు మనుషుల్ని గుర్తుపట్టేంత తెలివి వచ్చాక, అక్కడి డాక్టరమ్మ మా అత్తనూ నన్నూ కూర్చోబెట్టి మాట్లాడింది. చిన్న వయసు, విసుగు లేని మనిషి. ఆ మాటలు నేను మళ్లీ మళ్లీ గుర్తు చేసుకున్నాను, మా ఊళ్లో ఎంతమందికో చెప్పాను. మీకూ చెప్తున్నాను.

"ఒక తలుపు ఉందనుకోండి. సారాయి అవతలి నుంచి దాన్ని తోస్తోంది. తలుపు మూసుకుపోకుండా ఈయన మెదడు ఇవతలి నుంచి ఎదురు తోస్తుంది. రోజూ తాగితే రోజూ తోయాలి, అందుకని మెదడు జోరు పెంచుకుంటూ పోయింది. మీరు సారాయిని ఒక్కసారిగా తీసేశారు. అవతల ఎవరూ లేరు. మెదడు మాత్రం అదే జోరుతో తోస్తూనే ఉంది. తలుపు ఊడి మనిషి ముందుకు పడినట్టయింది. ఆ వణుకు, చెమట, లేనివి కనపడడం, ఫిట్సు, అన్నీ అవే. ఇంకొంచెం ఆలస్యమైతే ప్రాణం పోయేది."

"మరి పొద్దున చేతులు వణికేది? తాగితే నిలబడేవి గదమ్మా?" అని నేను అడిగాను.

"అదీ ఇదే. రాత్రి తాగింది దిగిపోయి వచ్చే వణుకు. మళ్లీ తాగితే ఆగుతుంది, మరుసటి రోజుకు ఇంకా పెరుగుతుంది. జబ్బునే మీరంతా మందు అనుకున్నారు."

అత్త మామ మెడలోని మాల పట్టుకుని ఏడుస్తూ, "అయితే మాల వేసేది తప్పా తల్లీ?" అంది.

"తప్పని ఎవరన్నారమ్మా? మాల వేయండి. అయితే అంతగా తాగేవాళ్లు మానేముందు ఇక్కడికి రావాలి. మేము మందులిచ్చి మెల్లగా దింపుతాం. దిగాక ఆ మాలే కాపాడుతుంది," అందామె. మాల తీయమనలేదు. సూది వేసేటప్పుడు పక్కకు జరిపి వేశారు.

ఇంకా కొన్ని చెప్పింది. ఏళ్ల తరబడి అన్నం బదులు సారాయి తాగితే ఒంట్లో ఉండవలసిన విటమిన్లు ఉండవట. దాంతో కాళ్లలో నరాలు చచ్చుబడతాయట, చెప్పు ఊడినా తెలియకపోవడం అందుకేనట. జ్ఞాపకం కూడా దెబ్బ తింటుందట. కాలేయం మీద చెయ్యి వేసి చూసి, గట్టిపడిందని చెప్పింది. "మానేస్తే మిగిలింది నిలబడుతుంది. పోయింది మాత్రం తిరిగి రాదు," అంది. ఆ చివరి మాట మాకు అప్పుడు సరిగా చెవికెక్కలేదు. మనిషి బతికాడన్న సంతోషంలో ఉన్నాము.

మామ ఇంటికి వచ్చాడు. మళ్లీ తాగలేదు. చదివేవాళ్లు ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగండి. ఆ రోజు నుంచి పోయేదాకా చుక్క ముట్టలేదు.

అయితే వచ్చినవాడు పాత మామ కాదు. పొద్దున జరిగింది సాయంత్రానికి మరిచిపోయేవాడు. రోజూ పొద్దున్నే వంటింటి గడప దగ్గరికి వచ్చి అడిగేవాడు.

"ఏమ్మా, పిల్లోని వెంటికలు తీసినామా?"

"ఇంగా లేదు మామా."

"అయితే తియ్యల్ల."

అడిగాక నోరు తెరిచి నా మొహం మీదికి ఊదేవాడు, వాసన చూడమని. "పో మామా, పళ్లు తోముకోని రా," అని కసిరేదాన్ని. ఆయన నవ్వుకుంటూ పోయేవాడు. తనకు గుర్తుండదని తెలుసు కనుక, తాగలేదని నా చేత రూఢి చేయించుకునేవాడని నా అనుమానం.

షాపు తెరిచాడు గానీ కుర్చీ ఖాళీ. చేతుల్లో వణుకు పాతదంతా పోలేదు. నమ్మినవాళ్లు కూడా మెడ ఇవ్వడానికి జంకారు. ఒకరోజు నేను అన్నం తీసుకుని పోయేసరికి ఆ పెద్దమనిషి గడ్డం పెంచుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో ప్యాకెట్టు.

"ఒగ్గటే ఒగటి తాగు మామా. చెయ్యి నిలబడతాది. నేను ఎవురికీ చెప్పను," అంటున్నాడు.

మామ కళ్లు ప్యాకెట్టు మీద నిలబడ్డాయి. ఆ క్షణంలో నేను పలకలేదు. పలికితే నా మాట మీద ఆగినట్టవుతుంది.

"నీ గడ్డం కోసరం నేను సావల్నా?" అన్నాడు మామ. "పో, పొయ్యి పెంచుకో. సన్నాసుల్లో కలుద్దువు."

ఆ సాయంత్రం ఆయన మా పెరట్లోని సొరపాదు కింద కూర్చున్నాడు. స్నానాల గది నుంచి పారే నీళ్లకు బతికే పాదు అది, ఆ కరువులో మా ఇంట్లో పచ్చగా ఉన్నది అదొక్కటే. లేత సొరకాయ మీద సన్నని నూగు ఉంటుంది, మీరు చూసే ఉంటారు. ఆయన కాయ కోసి సబ్బు నురగ పట్టించాడు. ఎడమ అరచెయ్యి దాని నెత్తిన ఆనించి, కత్తితో ఆ నూగు గీయడం మొదలుపెట్టాడు. తొక్క మీద గాటు పడకూడదు. మొదటి కాయ మీద ఎటు చూసినా గాట్లే. చిన్నప్పుడు వాళ్ల నాయన ఆయనకు కుండ బోర్లించి పని నేర్పాడట. ముసలితనంలో తనకు తనే సొరకాయతో మళ్లీ మొదలుపెట్టాడు.

ఇక చూడండి మా ఇంట్లో సొరకాయ పులుసు, సొరకాయ పప్పు, సొరకాయ వేపుడు. ఎంత కడిగినా సబ్బు వాసన. "మామా, ఈపొద్దు ఏ సబ్బు?" అని అడిగితే అత్త కూడా నవ్వేది. నేను తొక్క తీసేటప్పుడు గాట్లు ఎక్కడున్నాయో చూసేదాన్ని. గాట్లు తగ్గుతూ వచ్చాయి. కొన్ని వారాలు మళ్లీ పెరిగేవి. అప్పుడు ఎవరం ఏమీ అనేవాళ్లం కాదు. పిల్లోడు బడికి పోయే వయసు వచ్చింది. రెండు జడలతో పోయాడు. కొత్త పంతులమ్మ వాణ్ణి ఆడపిల్లల వరసలో కూర్చోబెట్టిందని ఏడుస్తూ వచ్చాడు. "ఇంగొన్నాళ్లు ఓర్చుకో నాయనా, తాతకు సొరకాయలు అయిపోనీ," అన్నాను. నాకూ లోపల ఒకటే తొందర. ఈ చెయ్యి నిలుస్తుందా, నిలవదా? నిలవకపోతే ఆయన మొహం ఎలా చూడాలి?

ఐదో ఏట తీశాము. పొద్దున్నే మా తమ్ముడు, అంటే పిల్లోడి మేనమామ, వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. బంధువులంతా చుట్టూ నిలబడ్డారు. మామ స్నానం చేసి, మాల కళ్లకద్దుకుని, కత్తి నూరాడు. ఎడమ ముంజేతి మీద గీత గీసి ఉఫ్‌మని ఊదాడు. గాలిలో ఉన్నంతసేపూ చెయ్యి సన్నగా ఆడుతూనే ఉంది. నేను చీర కొంగు నలిపి నలిపి తాడు చేశాను. ఆయన ఎడమ అరచెయ్యి పిల్లోడి నెత్తిన ఆనించాడు.

"తల ఆడించొద్దురా నాయనా."

ఈసారి తెగుతుందని అనలేదు. కత్తి తల మీద ఆనగానే చెయ్యి నిలిచింది. నుదుటి నుంచి మాడు దాకా, మాడు నుంచి మెడ దాకా, తడి జుట్టు కుచ్చులు కుచ్చులుగా మా తమ్ముడి ఒళ్లో పడింది. చివరికి రెండు చెవుల వెనకా కొంచెం మిగిలింది. అక్కడ చర్మం పల్చగా ఉంటుంది. మామ అక్కడికి కత్తి తీసుకుపోయి, ఆపి, వెనక్కి తీశాడు. చుట్టూ చూశాడు. తన దగ్గరే పని నేర్చుకున్న మా ఆయన కనిపించాడు.

"చెవి ఎనక నువ్వు తియ్‌రా. ఆడ నాకు నా మీద నమ్మకం లేదు," అన్నాడు.

అందరి ముందూ అన్నాడు. సిగ్గుపడలేదు. ఆయన జీవితంలో నేను చూసిన గొప్ప సంగతి ఏదని ఎవరైనా అడిగితే, తల గొరిగింది చెప్పను. ఆ ఆపడం చెప్తాను. పిల్లోడి గుండు మీద ఒక్క గీత కూడా పడలేదు. నేను వెళ్లి మామ కాళ్ల మీద పడి ఏడ్చాను. "లెయ్యమ్మా, లెయ్యి. ఇంగ ఈ సొరకాయల బాధ తప్పింది నీకు," అన్నాడు.

మరుసటి రోజు పొద్దున వంటింటి గడప దగ్గరికి వచ్చి, "ఏమ్మా, పిల్లోని వెంటికలు తీసినామా?" అని అడిగాడు. నేను పిల్లోణ్ణి పిలిచి ఆ నున్నటి గుండు ఆయన చేతి కింద పెట్టాను. తడిమి చూసి, "ఎవురో బాగా తీసినారే," అన్నాడు.

ఆ తర్వాత కొన్నేళ్లు బాగానే గడిచాయి. షాపుకు కొంతమంది తిరిగి వచ్చారు. ఆ పెద్దమనిషి కూడా వచ్చాడు, మామ కుర్చీ చూపించాడు. కానీ డాక్టరమ్మ చెప్పిన చివరి మాట లోపల తన పని తాను చేసుకుంటూనే ఉంది. పోయిన ఏడు కళ్లు పచ్చబడ్డాయి. కడుపులో నీరు చేరి, మనిషి బక్కచిక్కి, పొట్ట మాత్రం ఉబ్బింది. ఆసుపత్రిలో నీరు తీసేవాళ్లు, మళ్లీ చేరేది. ఒకసారి రక్తం కక్కుకున్నాడు. గట్టిపడిన కాలేయం గుండా రక్తం పారలేక, పక్కనున్న రక్తనాళాలు ఉబ్బి పగులుతాయని చెప్పారు. "నేను దాన్ని మానుకున్నా గానీ, అది నన్ను మానలేదమ్మా," అని నా చెయ్యి పట్టుకుని నవ్వబోయాడు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియని కోపం. ఆ కోపమే ఇప్పటికీ నన్ను కూర్చోనివ్వడం లేదు.

అందుకే ఆ పెద్దమనిషి మాటకు అక్కడే జవాబు చెప్పాను. "తాగి పోలేదన్నా. తాగుడు మానుకోని, అది చేసిన గాయంతోనే ఇన్నేండ్లు మాతో బతికి పోయినాడు. ప్యాకెట్లు తెచ్చిచ్చిన చేతులు గూడా ఈడనే ఉండాయి," అన్నాను. ఆయన తల దించుకున్నాడు. నాకు మనశ్శాంతేమీ రాలేదు.

మా ఇంట్లో పోయినవాళ్లకు గడ్డం గీసి పంపుతారు, కొడుకే గీయాలి. మా ఆయనకు కళ్యాణదుర్గంలో సెలూన్ ఉంది, అంతా బ్లేడుల పని. ఆ రోజు మాత్రం ఆయన మామ పాత కత్తిని బయటికి తీశాడు. తోలు పట్టీని మా పిల్లోడు ఒక కొస పట్టుకుంటే, దాని మీద కత్తి నూరాడు. పదును చూడాలి. తన ముంజేతి వైపు చూసుకుని ఆగిపోయాడు. తర్వాత వంగి మామ ఎడమ చెయ్యి పైకి తీసుకున్నాడు. నెలల తరబడి మంచాన ఉన్నందువల్ల ఆ చేతి మీద వెంట్రుకలు గుబురుగా పెరిగిపోయాయి. మొదటిసారి ఆయన రెండు చేతులూ ఒకేలా ఉన్నాయి.

మా ఆయన ఆ ముంజేతి మీద ఒక్క గీత గీశాడు. వెంట్రుకలు చప్పుడు లేకుండా రాలాయి. పిల్లోడు వంగి ఉఫ్‌మని ఊదాడు.